పీరయ్య పుస్తకం, ప్రభుత్వం వారి నీళ్లు

రండి రండి, ఇటు రండి. మధ్యాహ్నం బస్సు ఇంకో గంట దాకా రాదు. వచ్చినా ఆగదు. ఆగినా మీకు సీటుండదు. ఆ బెంచీ మీద కాస్త సర్దుకోండి. ఏమ్మా, ఆ జామకాయల బుట్ట కింద పెట్టు, ఎవరూ ఎత్తుకుపోరు. ఓ చారల చొక్కాయనా, ఫోన్లో మాట్లాడింది చాలు, అవతలాయనకి చెవి వాచిపోయి ఉంటుంది. ఇక ఎవరూ నోరు మెదపకూడదు. దగ్గొస్తే మింగండి. నవ్వొస్తే బస్సెక్కాక నవ్వుకోండి.

నా పేరు కోటిలింగం. బడికి వెళ్లలేదు కాబట్టి అబద్ధం రాయడం చేతకాదు. చౌడుపాలెం పంచాయతీలో నీళ్ల ట్యాంకు వాల్వు తిప్పడం నా ఉద్యోగం. పొద్దున కుడికి తిప్పుతాను, గంటయ్యాక ఎడమకి తిప్పుతాను. ఇరవై ఆరేళ్ల సర్వీసు. మా ఊరి బోరు నీళ్ల గురించి మీరు వినే ఉంటారు. ఆ నీళ్లు పోసుకున్న మనిషిని ఎండలో నిలబెడితే అప్పడానికి లేచినట్టు ఒంటి మీద పొర లేస్తుంది. మా ఊరి గేదెలు వేరే ఊళ్లో నీళ్లు తాగితే ఉప్పు తక్కువైందని మొహం తిప్పేస్తాయి. బట్టలుతకడానికి ఆ నీళ్లే, గిన్నెలు తోమడానికి ఆ నీళ్లే. పప్పుకి మాత్రం మా ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచి కాలవ నీళ్లు తెచ్చుకుంటారు. ఎందుకని అడిగేవాడు జన్మలో పొయ్యి ముట్టించి ఉండడు.

సరే, కథలోకి వద్దాం. ఆ ఏడు ప్రభుత్వానికి సైనికుల మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టింది. మండలానికొక వీరస్తంభం నిలబెడతామన్నారు. పదడుగుల నల్లరాయి, దాని మీద వీరుల పేర్లు. ఎవరి పేర్లు చెక్కాలో తేల్చడానికి ‘వీరస్మృతుల నిజనిర్ధారణ మండలి’ అని ఒకటి పెట్టారు. యుద్ధానికి వెళ్లొచ్చినవాళ్లు తమ జ్ఞాపకాలు పుస్తకంగా రాసివ్వాలి. అది నిజమేనని మండలి ముద్ర వేస్తే, అందులో ఉన్న వీరుల పేర్లు రాయి మీదకి ఎక్కుతాయి. కల్పితమని తేలితే మాత్రం అందులో ఉన్నవాళ్ల పేర్లు పారిపోయినవారి పట్టికలోకి పోతాయి. ఆ పట్టికని పంచాయతీ ఆఫీసు గోడకి శాశ్వతంగా వేలాడదీస్తారు.

పుస్తకం నిజమో కాదో ఎలా తెలుస్తుంది? మండలిలో యుద్ధం చూసినవాడు ఒక్కడూ లేడు. మా మండలానికి పరిశీలనాధికారిగా వచ్చిన చక్రధరరావుగారు దానికో పద్ధతి కనిపెట్టారు. ఇదివరకే నిజమని తేలిన పుస్తకాన్ని, కొత్త పుస్తకాన్ని పక్కపక్కన పెట్టి పోల్చడం. నూటికి డెబ్బై పాళ్లు కలిస్తే నిజం. కలవకపోతే కల్పితం. మరి మొదటి పుస్తకాన్ని దేనితో పోల్చారని అడుగుతారు మీరు. పోల్చడానికి వేరే పుస్తకం లేదు గనక దాన్ని దానితోనే పోల్చారు. నూటికి నూరు పాళ్లూ కలిసింది.

ఆ మొదటి పుస్తకం రాసింది పక్కూరు కెప్టెన్ భూషణం. ఆయన కెప్టెన్‌గా చేసింది వాలీబాల్ జట్టుకి. యుద్ధం జరిగినన్నాళ్లూ ఆయన కంటోన్మెంటులో కంబళ్ల గోడౌను తాళాలు చూసుకున్నాడు. పుస్తకంలో మాత్రం పదిహేడు మంది శత్రువుల్ని చంపాడు. గుండెకి తగలాల్సిన తూటా చొక్కా జేబులో వాళ్లమ్మ పెట్టిన కుంకుమ భరిణెకి తగిలి వంగిపోయింది. స్నేహితుడు ఆయన ఒళ్లో తల పెట్టుకుని “దేశం జాగ్రత్త” అని కన్నుమూశాడు.

ఆ తర్వాత మండలంలో ముప్ఫై మంది రాశారు. ముప్ఫై మందీ తలా పదిహేడు మందిని చంపారు. ముప్ఫై మంది జేబుల్లోనూ కుంకుమ భరిణె ఉంది. పాస్టరుగారి తమ్ముడి జేబులోనూ ఉంది. అన్నీ నిజమని తేలాయి. మొత్తం ఐదొందల ఇరవై ఏడు మంది ఒక్క మా మండలం చేతిలోనే పోయారని లెక్క తేలింది. తమకి చంపడానికి ఎవర్నీ మిగల్చలేదని పక్క మండలం మాజీ సైనికులు కలెక్టరుకి పిటిషన్ పెట్టుకున్నారు.

ఇక మా ఊరి పీరయ్య. దూదేకుల పీరయ్య, అప్పటికి డెబ్బై దాటాయి. మంచి మనిషి. ఒకటే రోగం, ఉన్నది ఉన్నట్టు చెప్తాడు. పెళ్లిలో భోజనం ఎలా ఉందని అడిగితే కూడా నిజం చెప్తాడు. అందుకే ఎవరూ పెళ్లికి పిలవరు.

పీరయ్య, మేకల ఏసోబు ఒకే ఈడు. కలిసి మేకలు కాశారు, కలిసి మిలటరీలో చేరారు. ఇద్దర్నీ వంటశాలలో వేశారు. అరవై రెండులో ఉత్తరాన మంచుకొండల్లో యుద్ధమొస్తే ఇద్దరూ గరిటెలు పట్టుకుని కొండెక్కారు. పీరయ్య దిగొచ్చాడు. ఏసోబు రాలేదు. అప్పటికి ఏసోబు పెళ్లాం దీనమ్మకి పద్దెనిమిదేళ్లు. ఆమెకో కాయితం వచ్చింది. ‘కొండ దిగవలసినదిగా ఉత్తర్వు ఇవ్వగా దిగి హాజరు కానందున, అనుమతి లేని గైర్హాజరు’ అని రాసుంది. వెనక్కి పరిగెత్తినవాళ్లు హాజరు, పరిగెత్తనివాడు గైర్హాజరు. ఊళ్లో ఆమె పేరు మారిపోయింది. పారిపోయినోడి పెళ్లాం అనేవాళ్లు. గొడవలొచ్చినప్పుడు మొహం మీదే అనేవాళ్లు.

ప్రతి ఆదివారం చర్చిలో ముందు ప్రయాణాల్లో ఉన్నవాళ్ల కోసం ప్రార్థన చేస్తారు. ఆ తర్వాత చనిపోయినవాళ్ల కోసం చేస్తారు. ఎవరి మనుషుల కోసం వాళ్లు లేచి నిలబడాలి. దీనమ్మ దేనికి లేవాలో తెలియక నలభై ఎనిమిదేళ్లు రెండింటికీ కూర్చునే ఉంది.

అందుకని పీరయ్య రాశాడు. వెనక అట్ట మీద ఎక్కాలుండే నోటు పుస్తకాలు రెండు కొనుక్కుని, వేసవంతా వేపపుల్లతో చెవి గోక్కుంటూ రాశాడు. పేరు ‘నా మిలటరీ వంట’. నాకు చదవడం రాదు గానీ ఆయన చదివి వినిపించిన ముక్క ఇప్పటికీ అప్పజెప్పగలను.

“కొండ మీద నీళ్లు బేగి కాగుతాయి. పప్పు మాత్రం ఉడకదు. ఎందుకో దేవుడికెరుక. నాలుగు గంటలైనా పలుకు పలుకుగానే ఉంటది. ఆ రోజు నూట పది మందికి కందిపప్పు ఎసట్లో పోశాము. దిగిపొమ్మని ఆర్డరు వచ్చింది. మనుషులు రెండు రోజులుగా ఏమీ తినలేదు. ఏసోబు పప్పు నొక్కి చూశాడు. ఉడకలేదు, ఉడికాక వస్తాను, నువ్వు రొట్టెలు తీసుకుని పద అన్నాడు. నేను రొట్టెలు తీసుకుని దిగాను. వాడు రాలేదు. అవతలివాళ్లు ఆ కొండ దాకా వచ్చారు. నెల తిరక్కుండా వాళ్లంతట వాళ్లే వెనక్కి పోయారు. ఎందుకు పోయారో మాకెవరూ చెప్పలేదు. జైహింద్.”

అంతే. పదిహేడు లేదు, భరిణె లేదు.

మండలాఫీసులో విచారణకి పిలిచారు. పీరయ్య, దీనమ్మ, వాళ్లకి తోడుగా నేను వెళ్లాం. చక్రధరరావుగారు కళ్లజోడు నుదుటి మీదకి తోసి, నోటు పుస్తకాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నారు. పక్కన గుమాస్తా నరహరి కూర్చుని రాస్తున్నాడు. ఉద్యోగంలో చేరి ఆరు నెలలే, ఇంకా పర్మనెంటు కాలేదు. అందువల్ల అధికారి దగ్గినా రాసుకునేవాడు.

“తమరి కృతి సాంతం పరిశీలించబడినది,” అన్నారు అధికారి. “ధ్రువీకృత గ్రంథములతో పోలిక నూటికి నాలుగు. అది కూడా ఆఖరున జైహింద్ అనుటవలన సంక్రమించినది.”

“ఆ మాట అందరం అనేవోళ్లమయ్యా,” అన్నాడు పీరయ్య.

“హతుల సంఖ్య అను గడి ఖాళీగానున్నది.”

“నేను వంటోణ్ణయ్యా. ఎవుర్నీ చంపలా.”

“కనీసం గాయపరచితిరా?”

పీరయ్య చాలాసేపు ఆలోచించాడు. “ఒకసారి సుబేదారుగారి కాలి మీద ఉడుకుడుకు టీ ఒలకబోశా. కావాలని కాదు.”

నరహరి రాసుకున్నాడు: గాయం ఒకటి, స్వపక్షం.

“కుంకుమ భరిణె?”

“మా ఇంట్లో యాడుంటదయ్యా? జేబులో ఉల్లిపాయ ఉండేది.”

“దానికి తూటా తగిలినదా?”

“లేదయ్యా. కూరలో వేశా.”

అధికారి పుస్తకం మూసేశారు. దీనమ్మకి కంగారు పుట్టి పీరయ్య చొక్కా లాగింది.

“అన్నా, ఒక్కణ్ణి చంపరాదా? పుస్తకంలోనేగా! భూషణం పదిహేడు మందిని చంపి హాయిగా పెసరట్లు తింటన్నాడు గదా.”

“ఎట్టా చంపేది చెల్లెమ్మా? ఏసోబు నిజంగా చచ్చాడని చెప్పటానికి ఇంకొకణ్ణి అబద్ధంగా చంపమంటావా?”

“ఎవరికీ తెలియనోణ్ణి చంపు.”

“వాడికీ పెళ్లాం ఉంటది గదమ్మా.”

దీనమ్మ పట్టుకున్న చొక్కా వదిలేసింది.

“ఇవన్నియు స్వల్ప లోపములు,” అన్నారు అధికారి. “మూలమైన అభ్యంతరములు రెండు. ఒకటి, గెలుచుచున్న సైన్యము కారణము లేకుండా తనంతట తాను వెనుకకు పోయినదనుట. ఇది అవిశ్వసనీయము. రెండు, కందిపప్పు. మా కార్యాలయ క్యాంటీనునందు కందిపప్పు ముప్పదియైదు నిమిషములలో ఉడికినట్లు వాంగ్మూలము తీసికొనబడినది. నాలుగు గంటలైనను ఉడకలేదనుట కల్పన. పప్పు కల్పనయైనచో, ఆ పప్పు కొరకు ఆగిన మనిషియు కల్పనయే.”

“అది ఎత్తయ్యా,” అన్నాడు పీరయ్య. “అంతెత్తున ఉడకదు. మబ్బులు మా కాళ్ల కింద పోతా ఉండేయి.”

అధికారి కళ్లజోడు కిందికి దించుకున్నారు. ఆ ‘ఎత్తు’ అనే మాట ఆయనకి నచ్చింది. నిబంధనల పుస్తకం తిప్పి తిప్పి చూశారు. “ఎత్తు అను అంశము పరిశీలనార్హము. పదకొండవ నిబంధన ప్రకారము ప్రయోగము ప్రభుత్వ స్థలమునందు, ప్రభుత్వ సామగ్రితో మాత్రమే జరుపవలెను. నరహరీ, మండలమునందు మిక్కిలి ఎత్తైన ప్రదేశమేది?”

“గుట్ట ఉందండీ. కానీ అది అటవీశాఖది. పొయ్యి ముట్టించాలంటే వాళ్ల అనుమతికి ఏడాది పడుతుందండీ.”

“తదుపరి?”

“చౌడుపాలెం మంచినీళ్ల ట్యాంకండీ. అరవై అడుగులు.”

మంచినీళ్లని కాయితాల్లో ఉంటుంది. మేమేం అనుకోం.

“అయ్యా, ఆ కొండ పద్నాలుగు వేల అడుగులంట,” అన్నాడు పీరయ్య.

“అరువదికిని, పదునాలుగు వేలకును భేదము పరిమాణమునందే గాని స్వభావమునందు లేదు. ఎత్తనగా ఎత్తే. ట్యాంకుపై పప్పు ఉడికినచో తమరి గ్రంథము కల్పితము. సదరు ఏసోబు నామము పారిపోయినవారి పట్టికయందు శాశ్వతముగా నమోదగును. ఉడకనిచో సత్యము.”

బయటికొచ్చాక పీరయ్య వేపచెట్టు కింద చతికిలబడ్డాడు. “అరవై అడుగుల్లో ఉడక్కేం చేస్తది చెల్లెమ్మా? నా చేత్తో నేనే వాణ్ణి పారిపోయినోణ్ణి చేశా.”

పట్టికని పంచాయతీ ఆఫీసులో ఏ గోడకి వేలాడదీస్తారని దీనమ్మ నన్నడిగింది. రేషన్ కార్డుల కోసం లైన్లో నిలబడే గోడకేనని చెప్పాను. రెండో తారీఖు నుంచి అయిదో తారీఖు దాకా ఊరంతా అక్కడే ఉంటుంది.

ప్రయోగం రోజున జాతరకి వచ్చినట్టు వచ్చారు జనం. ట్యాంకు కింద షామియానా, మైకు, కుర్చీలు. ముఖ్య అతిథి కెప్టెన్ భూషణం మెడలో దండ వేసుకుని ముందే కూర్చున్నాడు. యుద్ధ వాతావరణం ఉండాలని నిబంధన కాబట్టి ట్యాంకు మొదట్లో పది నిమిషాలకొక లక్ష్మీబాంబు కాల్చడానికి ఒకణ్ణి పెట్టారు. మంచు ఉండాలని చేపల వ్యాను నుంచి రెండు ఐసు దిమ్మలు తెప్పించి ట్యాంకు మీదకి చేరవేశారు. అవి కరిగి నీళ్లు కారుతుంటే మంచు కరుగుటను నమోదు చేసుకున్నారు. కందిపప్పు జిల్లా కేంద్రం నుంచి సీలు వేసిన సంచిలో వచ్చింది. దాని మీద ముగ్గురి సంతకాలున్నాయి.

అధికారికి ఎత్తంటే కళ్లు తిరుగుతాయి. అందువల్ల ‘పర్యవేక్షణ క్రిందినుండి జరుగును’ అని మైకులో ప్రకటించి షామియానాలో కూర్చున్నారు. పైన పొయ్యి దగ్గర ఉండేది నరహరి. పది నిమిషాలకోసారి పప్పు బద్ద తీసి వేళ్లతో నొక్కి కిందికి చెప్పాలి. తొమ్మిదో నిబంధన ప్రకారం పప్పు ఉడికే దాకా పరిశీలకుడు దాని దగ్గర్నుంచి కదలకూడదు. కదిలితే ఉద్యోగం పర్మనెంటు కాదు. ఆ పిల్లాడు పుట్టినప్పట్నుంచీ పప్పు తిన్నాడు గానీ పొయ్యి మీద పప్పుని చూడ్డం అదే మొదలు. వాడికి సాయంగా నన్ను పొమ్మన్నారు.

ఇక నీళ్లు. దీనమ్మ పొద్దున్నే లేచి, రెండు మైళ్లు వెళ్లి, ఇత్తడి బిందెతో కాలవ నీళ్లు తెచ్చింది. ఎవరూ అడగలేదు. పప్పు అంటే కాలవ నీళ్లు, అంతే. మా ఊరి ఆడదానికి అది ఆలోచించి చేసే పని కాదు. తెచ్చి అధికారి ముందు పెట్టింది.

“ఏమిటిది?” అన్నారు అధికారి.

“పప్పులోకి నీళ్లండీ.”

“ఎవరివి?”

“నావేనండీ. నేనే మోసుకొచ్చా.”

“అనగా ప్రైవేటు నీరు. తీసివేయుడు. పదకొండవ నిబంధన చదివి వినిపింపబడినది. ప్రభుత్వ జలము మాత్రమే వాడవలెను.” నా వైపు తిరిగారు. “ఏమోయ్, ఇచట ప్రభుత్వ జలమెక్కడ?”

నేను కుళాయి చూపించాను.

“చెప్పకపోతే పాపం గదండీ, ఆ నీళ్లకి...” అని దీనమ్మ నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఆగిపోయింది. కుళాయి వైపు చూసింది. ట్యాంకు వైపు చూసింది. నా వైపు చూసింది. నెమ్మదిగా నోరు మూసుకుని బిందె చంకనెత్తుకుని వెనక్కి జరిగింది. ఆమె వెనకాల నిలబడ్డ నలభై మంది ఆడవాళ్లకీ ఒక్కసారే అర్థమైంది. ఒక్కరూ కిక్కురుమనలేదు. మా ఊరి ఆడవాళ్లు నలభై మంది ఒకచోట చేరి మాట్లాడకుండా ఉండటం ఊరు పుట్టాక అదే మొదటిసారి. కాకులు బెదిరి లేచిపోయాయి.

పీరయ్య మాత్రం గబగబా ముందుకొచ్చాడు. “అయ్యా, ఆ నీళ్లు...”

దీనమ్మ బిందె దించి, ఆయన నోటికి తన చెయ్యి అడ్డం పెట్టింది. “అన్నా, నలభై ఎనిమిదేళ్లు నేను మాట్లాడలా. నువ్వీ పూట మాట్లాడబాక.”

“అది ధర్మం కాదు చెల్లెమ్మా.”

“కాదు. ఊరుకో.”

నేను కుళాయి తిప్పాను. ఇరవై ఆరేళ్ల సర్వీసులో అంత మనసు పెట్టి పట్టిన నీళ్లు అవే. చుక్క ఒలకకుండా నిచ్చెన మీదుగా అరవై అడుగులు మోశాను.

పొయ్యి రాజుకుంది. నీళ్లు తెర్లాయి. నరహరి పప్పు పోసి గడియారం చూసుకున్నాడు. మొదటి బాంబు పేలింది. వాడు బద్ద నొక్కి కిందికి అరిచాడు. “పది నిమిషాలు, పలుకు!”

“పలుకూ!” అన్నారు జనం, గోవింద కొట్టినట్టు.

సైకిల్ షాపు ఆదెయ్య కిందనుంచి కేకేశాడు. మా ఊళ్లో ఏం జరిగినా అడ్డదిడ్డంగా ఒక మాట అనడం ఆయనకి అలవాటు. “కోటిలింగం! పైన్నించి శత్రువులు కనపడతన్నారా?”

“పక్కూరు కనపడతందయ్యా!” అన్నాను.

ముప్ఫై అయిదో నిమిషం దగ్గర పడేసరికి బాంబులవాడు కూడా వత్తి ముట్టించడం మర్చిపోయాడు. కింద పీరయ్య కళ్లు మూసుకున్నాడు. నరహరి బద్ద తీసి, ఊది, నొక్కాడు.

“పలుకు!”

జనం ఊపిరి వదిలారు. గంటకీ పలుకే. రెండు గంటలకీ పలుకే. కందిపప్పు గుండ్రాళ్లలా గిన్నెలో దొర్లుతోంది. కెప్టెన్ భూషణం కుర్చీలో నిద్రపోయాడు. బాంబు పేలినప్పుడల్లా ఉలిక్కిపడి లేచి “కంబళ్లు లోపల పెట్టండి!” అని అరిచి మళ్లీ నిద్రపోయేవాడు. మూడు గంటలకి ఐసు దిమ్మలు పూర్తిగా కరిగాయి, పప్పు కరగలేదు. నరహరికి పొద్దుటినుంచి తిండి లేదు. పొగకి కళ్లు చింతనిప్పుల్లా అయ్యాయి. పొయ్యి ఆరిపోతుంటే గుండీలు విప్పి చొక్కా అడ్డం పట్టాడు.

“బాబూ, పైపైన ఏదో ఒకటి చెప్పేసి దిగరాదా?” అన్నాను.

“అలా ఎట్లా కుదురుద్ది? ఉడికిందీ లేందీ నన్నేగా రాయమంది,” అన్నాడు.

నాలుగు గంటలవుతుండగా పడమట నల్లగా లేచింది. గాలి మొదలైంది. షామియానా గుడ్డ లేచి భూషణం మీద పడింది. అటు చెరువు పక్కన మెరిసింది. మైకులో అధికారి గొంతు వచ్చింది. “ప్రకృతి ప్రతికూలించినందున ప్రయోగము నిలుపుదల చేయబడినది. పైనున్నవారు తక్షణమే దిగవలెను. ఇది ఆర్డరు!”

నేను దిగిపోయాను. ఇందులో దాచేదేముంది? నాకు పెళ్లాం ఉంది. కింద కాలు పెట్టాక చూస్తే నరహరి రాలేదు. అందరం తలెత్తి చూశాం. గాలికి పొయ్యి ఆరకుండా దానికి అడ్డంగా వంగి కూర్చుని ఉన్నాడు.

“నరహరీ! దిగమని ఆర్డరు!” అన్నారు అధికారి మైకులో.

పైనుంచి సన్నగా గొంతు వచ్చింది. “ఉడకలేదండీ! ఉడికాక వస్తానండీ!”

అప్పటిదాకా అరుస్తున్న జనం ఒక్కసారి ఆగిపోయారు.

దీనమ్మ లేచింది. “ఏమన్నాడన్నా ఆ పిల్లోడు?”

పీరయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆమె నిచ్చెన మొదట్లోకి వెళ్లి నిలబడింది. ఆ మనిషి గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు మైకు అక్కర్లేకపోయింది. “దిగిరా నాయనా! ఉడక్కపోతే పోయింది. తినేవోళ్లు పచ్చిదే తింటారు. నువ్వు దిగిరా! నీ కోసం చూసేవోళ్లుంటారు, నువ్వు దిగిరా!”

వాడు కాసేపు గిన్నె వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా దిగొచ్చాడు. దిగాక ఆమె వాడి మొహం, చేతులు, జుట్టు తడిమి చూసింది. వాడు ఎందుకో తెలియక “నాకేం కాలేదండీ” అన్నాడు. ఆ తర్వాత పిడుగు సరిగ్గా ఆ గిన్నెలోనే పడిందని కొందరంటారు. నేను అబద్ధం చెప్పను, పక్కన తాటిచెట్టు మీద పడింది. గిన్నెలో పడ్డా ఆ పప్పు ఉడికేది కాదు.

వారంలో తీర్పు వచ్చింది. పుస్తకంలో నాలుగు గంటలైనా పలుకు, ప్రయోగంలోనూ అంతే. పుస్తకంలో దిగమని ఆర్డరు, ప్రయోగంలోనూ ఆర్డరు. పుస్తకంలో ‘ఉడకలేదు, ఉడికాక వస్తాను’, నరహరి వాంగ్మూలంలో అక్షరం పొల్లుపోకుండా అదే. పోలిక నూటికి నూరు. ‘దూదేకుల పీరయ్య గ్రంథము సత్యమని, సదరు మేకల ఏసోబు వీరుడని నిర్ధారించడమైనది.’

పీరయ్యకి నిద్ర పట్టలేదు. మండలికి ఉత్తరం రాశాడు. పుస్తకం నిజమే గానీ పరీక్ష తప్పు, పప్పు ఉడకనిది ఎత్తు వల్ల కాదు, మా ఊరి ఉప్పునీళ్ల వల్ల అని. వెళ్లి తన చేత్తోనే ఇచ్చొచ్చాడు. పది రోజులకి జవాబు వచ్చింది. ‘తమరి ఉత్తరమును ధ్రువీకృత గ్రంథములతో పోల్చి చూడగా పోలిక సున్న. కావున సదరు ఉత్తరము పీరయ్య రచన కాదని, ఎవరో గిట్టనివారు సృష్టించినదని తేలినది. సత్యమని నిర్ధారణ అయిన గ్రంథమును శంకించుటకు రచయితకు అధికారము లేదు.’

“చూశావా అన్నా,” అంది దీనమ్మ. “నిజం చెప్పింది నువ్వు కాదంట. ఇక పడుకో.”

అప్పటినుంచి మండలంలో పుస్తకాలన్నీ మారిపోయాయి. కుంకుమ భరిణెలు పోయి కందిపప్పు వచ్చింది. కెప్టెన్ భూషణం రెండో ముద్రణలో కుడిచేత్తో పదిహేడు మందిని చంపుతూ ఎడంచేత్తో పప్పు కలుపుతూ ఉంటాడు.

రాయిని మండలాఫీసు ముందర నిలబెట్టారు. ఆ రోజు దీనమ్మ వెళ్లి దాని ముందు నిలబడింది. పేరు ఎక్కడుందని నన్నడిగింది. నాకూ చదవడం రాదు కదా. నరహరి వచ్చి ఆమె వేలు పట్టుకుని సరిగ్గా అక్షరాల మీద పెట్టి చదివాడు. ‘మేకల ఏసోబు, చౌడుపాలెం. పప్పు ఉడకనందున విధి విడువని వీరుడు.’ ఆమె ఆ అక్షరాల్ని ఒక్కొక్కటే తడిమింది. తర్వాత పైటకొంగుతో రాయి మీద దుమ్ము తుడిచింది. ఆ ఆదివారం చర్చిలో ప్రయాణాల్లో ఉన్నవాళ్ల ప్రార్థనకి కూర్చునే ఉంది. చనిపోయినవాళ్ల ప్రార్థనకి లేచి నిలబడింది. ఆమె పక్కన పీరయ్య నిలబడ్డాడు. సాయెబు చర్చిలో ఏమిటని ఎవరూ అడగలేదు.

అదిగో, బస్సు హారన్ వినపడుతోంది. ఆగదని చెప్పానుగా, కూర్చోండి. ఒక్క మాట మిగిలింది. రాయి మీద గుడ్డ తీసిన రోజున అందరూ చప్పట్లు కొట్టి, దణ్ణాలు పెట్టి వెళ్లిపోతుంటే సైకిల్ షాపు ఆదెయ్య మాత్రం పంక్చరు ట్యూబు భుజాన వేసుకుని అక్కడే నిలబడి, ఆ అక్షరాల్ని కింద నుంచి పైకి, పై నుంచి కిందికి చూసి, గడ్డం గోక్కుని, గట్టిగా అన్నాడు:

“ఓరినీ! ఇప్పుడర్థమైంది, గెలిచినోళ్లు నెల తిరక్కుండా ఎందుకు వెనక్కి పోయారో. ఏసోబు వదిలిపెట్టిన ఆ ఉడకని కందిపప్పు తినుంటారు!”